జాజ్‌లో స్కేల్‌ను వరసగా వాయించాలా, ఒకటి విడిచి ఒకటా?

తార్నాక_కీబోర్డ్:
మా కీబోర్డ్ సర్ ఆదివారం క్లాసులో బాంబు పేల్చారు. సి మేజర్‌ను ఇకమీదట సి, డి, ఇ, ఎఫ్ అని వాయించొద్దట. సి, ఇ, జి, బి, డి, ఎఫ్ షార్ప్, ఎ అని ఒకటి విడిచి ఒకటి పట్టుకోవాలట. పైగా ఎఫ్ ఉండాల్సిన చోట ఎఫ్ షార్ప్! చిన్నప్పుడు నాలుగేళ్లు సరళీ వరసలు పాడినవాణ్ణి, నాకు మింగుడు పడటం లేదు. మెట్లెక్కినట్టు రాకపోతే దాన్ని స్కేల్ అని ఎందుకనాలి?

సాక్సు_మామ:
మీ సర్ చెప్పింది కరెక్టే బాబూ. జాజ్‌లో కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు), స్కేల్ వేర్వేరు కాదు. ఒకటి, మూడు, ఐదు, ఏడు, ఆపైన తొమ్మిది, పదకొండు, పదమూడు (అంటే పై స్థాయిలో రెండు, నాలుగు, ఆరే). ఈ ఏడూ నిలబెడితే కార్డ్, పడుకోబెడితే స్కేల్.

ఇక ఎఫ్ గొడవ. ఎడమ చేత్తో సి మేజర్ సెవెన్ (సి, ఇ, జి, బి) పట్టుకుని, పై స్థాయిలో కుడిచేత్తో ఎఫ్ నొక్కి ఉంచు. కింది ఇ నుంచి అది 13 అర్ధస్వరాల దూరం, చెవిలో గీరుకుంటుంది. ఎఫ్ షార్ప్ అయితే 14, హాయిగా తేలుతుంది. అమెరికన్ జాజ్ స్వరకర్త జార్జ్ రస్సెల్ 1953లో లిడియన్ (మేజర్ స్కేల్‌లో నాలుగో స్వరాన్ని షార్ప్ చేస్తే వచ్చే స్కేల్) సిద్ధాంతం బయటపెట్టింది కూడా ఇలాంటి లెక్కతోనే. సి నుంచి పంచమాలు, అంటే ప్రతి స్వరానికీ దాని ఐదో స్వరం, పేర్చుకుంటూ పో: సి, జి, డి, ఎ, ఇ, బి, ఎఫ్ షార్ప్. ఏడింట్లో ఎఫ్ ఎక్కడైనా ఉందా? మేజర్ కార్డ్‌కు పుట్టిల్లు లిడియనే.

నల్లకుంట_ఫిడేలు:
లిడియన్ అంటే మా కల్యాణే కదండీ. మా కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్తల్లో, అంటే మూల రాగాల్లో, 29వది శంకరాభరణం, మీ సి మేజరే. అందులో శుద్ధ మధ్యమం తీసి ప్రతి మధ్యమం పెడితే, 36 కలిపి 65, మేచకల్యాణి. ఒకటి అసలు, రెండోది దాని వికారం అని మా గురువుగారు ఎన్నడూ అనలేదు. మామగారూ, పంచమాల పేర్పులో సి అడుగునే ఉండాలని ఎవరన్నారు? ఎఫ్ నుంచి మొదలుపెట్టండి: ఎఫ్, సి, జి, డి, ఎ, ఇ, బి. శంకరాభరణం మొత్తం వచ్చేసింది! ఎక్కడ మొదలుపెట్టాలో ముందే తేల్చుకుని, తర్వాత లెక్క చూపిస్తున్నారు.

వరస విషయంలో మాత్రం కీబోర్డ్ తమ్ముడిది కూడా తప్పే. మెట్లెక్కకపోయినా ఆరోహణే. పట్నం సుబ్రహ్మణ్య అయ్యర్ గారి కదనకుతూహలం చూడు: స రి మ ధ ని గ ప స. షడ్జం సి అనుకుంటే రి మ ధ అచ్చంగా డి మైనర్, గ ప స అంటే సి మేజర్. స్వరాలన్నీ శంకరాభరణానివే, నడక మారింది కాబట్టి రాగమే వేరయింది. మీ జాజ్‌లో వరస ఎంత మార్చినా అదే స్కేల్ అంటారు. అలాంటప్పుడు వరస గురించి ఇంత పట్టుదల దేనికి?

బేస్_బాబు:
అందరూ స్వరాలు లెక్కపెట్టేవాళ్లే, తాళం పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. సి సెవెన్ (సి, ఇ, జి, బి ఫ్లాట్) కార్డ్ మీద పై సి నుంచి దిగండి, బీట్‌కు రెండు స్వరాలు. సి, బి ఫ్లాట్, ఎ, జి, ఎఫ్, ఇ, డి. బీట్ మీద పడేవి సి, ఎ, ఎఫ్, డి. ఒక్క సి తప్ప కార్డ్ స్వరం లేదు. ఇప్పుడు సి తర్వాత మామూలు బి ఒకటి దూర్చండి. బీట్ మీద సి, బి ఫ్లాట్, జి, ఇ పడతాయి, అంటే కార్డ్ మొత్తం. ఇండియానా యూనివర్సిటీలో జాజ్ నేర్పిన డేవిడ్ బేకర్ దీన్ని బీబాప్ స్కేల్ పేరుతో పాఠం చేశారు. మెట్ల వరస చెక్కుచెదరలేదు, ఒక మెట్టు పెరిగింది, అంతే.

తార్నాక_కీబోర్డ్:
మెట్రోనోమ్ 60లో పెట్టి ఇప్పుడే వాయించాను. ఎఫ్ ఉంది కానీ రెండు బీట్‌ల సందులోంచి జారిపోయింది. ఏ మాత్రం గుచ్చుకోలేదు. మామగారూ, ఇప్పుడేమంటారు?

సాక్సు_మామ:
అది సి సెవెన్ బాబూ. నేను చెప్పింది సి మేజర్ సెవెన్. ఆ కార్డ్ మీద, అదే ఎఫ్ దగ్గర నాలుగు బీట్‌లు ఆగి, అప్పుడు చెప్పు.

నల్లకుంట_ఫిడేలు:
ఆగి, గాంధారానికి, అంటే మీ ఇకి, దిగు తమ్ముడూ. అక్కడే వదిలేసి మామగారికి ఫోన్ చేయకు.