జింజా టెంప్లేట్‌తో జోన్ ఫైళ్లు: ప్రైమరీలో కొత్తవి, సెకండరీలో పాతవే

కొత్త_అడ్మిన్:
డీఎన్‌ఎస్ సర్వరు (డొమైన్ పేరుకి ఐపీ చెప్పేది) బైండ్ 9, 40 డొమైన్లు. జోన్ ఫైళ్లు (డొమైన్ రికార్డుల జాబితాలు) ప్రైమరీలో మారుస్తాం, సెకండరీలు వాటి కాపీ తెచ్చుకుంటాయి. వివరాలన్నీ యామల్ ఫైల్లో (కీ, విలువ జతలుగా) ఉంటాయి. కమాండ్ లైన్‌లో ఒక పైథాన్ స్క్రిప్టు వాటిని జింజా టెంప్లేట్‌లో నింపి జోన్ ఫైళ్లు రాస్తుంది. ఇదివరకు సీరియల్ (జోన్ మారినప్పుడల్లా పెరగాల్సిన సంఖ్య) చేత్తో 2025061003 అని (తేదీ, పక్కన ఆ రోజు ఎన్నో మార్పో) వేసేవాళ్లం, ఇప్పుడు స్క్రిప్టు యూనిక్స్ టైమ్ వేస్తోంది (1970 నుంచి సెకన్ల లెక్క, 1750000000 చిల్లర). జోన్ ఫైల్లో తప్పులు చూసే నేమ్‌డ్-చెక్‌జోన్ ఓకే అంటోంది, సెకండరీలకి నోటిఫై (మార్పు కబురు) కూడా వెళ్తోంది, అయినా సెకండరీలు కదలట్లేదు. ఇంకో చిక్కు: ఒక డొమైన్‌లో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి రెండు ఐపీలు పడుతున్నాయి. రెండోది వేరే హోస్టుది!

చివరి_చుక్క:
సీరియల్ వెనక్కి వెళ్లిందండీ. 175 కోట్లు 202 కోట్ల కంటే తక్కువే కదా, తన దగ్గరున్నదే కొత్తదని సెకండరీ అనుకుంటుంది. సెకండరీలు మీ చేతిలోనే ఉంటే వాటి మీద జోన్ పేరుతో ఆర్‌ఎన్‌డీసీ (బైండ్‌ని నడిపే కమాండ్) రీట్రాన్స్‌ఫర్ కొట్టండి, సీరియల్ చూడకుండా లాక్కుంటుంది. వేరేవాళ్లవైతే పాత సీరియల్‌కి 2147483647 కలిపి 4172544650 పెట్టండి. అన్ని సెకండరీల్లో ఎస్ఓఏ (సీరియల్ ఉండే రికార్డు) మారిందని డిగ్ కమాండ్‌తో చూశాకే యూనిక్స్ టైమ్‌కి రండి. సీరియల్ 32 బిట్ల చక్రం (చివరికి చేరితే మళ్లీ సున్నా) కాబట్టి అప్పుడది ముందుకు వెళ్లినట్టే లెక్క. ఒక్క సెకండరీ మిగిలిపోయినా అక్కడ మళ్లీ ఇదే కథ.

నన్నడిగితే తేదీ పద్ధతే మేలు, చూడగానే ఎప్పటిదో తెలుస్తుంది. "ఈరోజు తేదీ పక్కన 01" అని టెంప్లేట్‌లో బిగించేయకండి, అదే రోజు రెండోసారి నడిపితే సీరియల్ మారదు. పాత సీరియల్ + 1, ఈరోజు తేదీ పక్కన 01: ఈ రెండింట్లో ఏది పెద్దదైతే అది. అదీ సీరియల్ కాక మిగతా ఫైలు మారినప్పుడే.

ట్యాబ్_స్పేస్:
రెండో చిక్కు ఖాళీ పేరుది. జోన్ ఫైల్లో లైను స్పేస్‌తో మొదలైతే పై రికార్డు పేరే దానికీ వర్తిస్తుంది. యామల్‌లో ఆ హోస్టుకి పేరు కీ తప్పుగా పడి ఉంటుంది. జింజా దాన్ని గుట్టుచప్పుడు కాకుండా ఖాళీగా వదిలేస్తుంది, ఆ ఐపీ పోయి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి తగులుకుంటుంది. వ్యాకరణం సరిగ్గానే ఉంది కాబట్టి చెక్‌జోన్ నోరు మెదపదు. జింజాలో స్ట్రిక్ట్‌అన్‌డిఫైన్డ్ (లేని కీని తప్పుగా పట్టే సెట్టింగు) పెడితే స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. కీ ఉండి విలువ ఖాళీ అయితే మాత్రం అదీ పట్టుకోదు, విడిగా చూసుకోవాలి.

టెంప్లేట్‌లో లూప్ లోపలి లైన్లను అందం కోసం కుడికి జరపకండి, ముందు స్పేస్ పడి మళ్లీ ఇదే చిక్కు. జింజా ఎల్‌స్ట్రిప్_బ్లాక్స్ సెట్టింగు తీసేది బ్లాక్ ట్యాగుల ముందు ఖాళీనే, వేరియబుల్ ముందుది అలాగే ఉంటుంది.

కొత్త_అడ్మిన్:
కీ 'నేమ్' బదులు 'హోస్ట్' అని ఉందండీ. రీట్రాన్స్‌ఫర్‌తో సెకండరీలూ దారికొచ్చాయి.

చివరి_చుక్క:
పనిలో పనిగా సీనేమ్ (ఒక పేరుని ఇంకో పేరుకి చూపే రికార్డు) లక్ష్యాల చివర చుక్క ఉందో లేదో స్క్రిప్టులోనే చూడండి. లేకపోతే వెనకాల డొమైన్ మళ్లీ అతుక్కుంటుంది, చెక్‌జోన్ దాన్నీ పట్టుకోదు. 2048 బిట్ల డీకిమ్ (మెయిల్ సంతకం) కీ ఉంటే కోట్స్‌లో 255 బైట్లు దాటకుండా ముక్కలు చేయాలి.