స్టాంపు పేపరు మీద విడాకులు రాసుకున్నాం, చెల్లెలికి మళ్లీ పెళ్లి చేయొచ్చా?

నరసరావుపేట అన్న:
అందరికీ నమస్కారం. మా చెల్లెలి కాపురం మూడేళ్ల క్రితం చెడింది. కోర్టు గొడవ ఎందుకని పెద్దమనుషుల్లో కూర్చుని తెంచుకున్నాం. వంద రూపాయల స్టాంపు పేపరు మీద "ఇకమీదట ఒకరిపై ఒకరికి ఏ హక్కూ లేదు, ఎవరి పెళ్లి వారు చేసుకోవచ్చు, పాప ఖర్చు కూడా అడగము" అని రాసుకున్నారు. ఇద్దరి సంతకాలూ, ఐదుగురు సాక్షులూ, నోటరీ ముద్రా అన్నీ ఉన్నాయి. ఆరు లక్షలు ఇచ్చారు. బంగారంలో నాలుగు సవర్లు ఇంకా వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. పాపకు ఆరేళ్లు, చెల్లి దగ్గరే ఉంది.

ఇప్పుడు హైదరాబాద్ సంబంధం కుదిరింది. ఆయనకు భార్య పోయింది, ఒక బాబు. శ్రావణంలో ముహూర్తం అనుకున్నాం. మొన్న ఆయన ఫోన్ చేసి, పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించాలి, విడాకుల డిక్రీ కాపీ పంపండి అన్నారు. పేపరు ఫొటో పంపితే ఇది కాదు, కోర్టుది కావాలి అన్నారు. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. నోటరీ చేసింది చెల్లదా?

ఊరి పెద్ద:
ఏం భయపడకు. మా ఊళ్లో నేనే ఇలాంటివి పాతిక దాకా రాయించాను. అందరూ మారు మనువులు చేసుకుని పిల్లాపాపలతో హాయిగా ఉన్నారు. రెండువైపులా ఇష్టపడి విడిపోయాక మధ్యలో కోర్టుకేం పని?

వరంగల్ అడ్వొకేట్ (మహిళ):
పెద్దాయన గారూ, ఆ పాతిక జంటల్లో ఎవరూ ఇంకా కోర్టు గుమ్మం ఎక్కలేదు కాబట్టే హాయిగా ఉన్నారు. ఆస్తి దగ్గరో, పెన్షన్ దగ్గరో తగాదా వచ్చిన రోజున మీరు రాయించిన కాగితం పనికిరాదు.

తమ్ముడూ, సూటిగా చెబుతాను. హిందూ వివాహ చట్టం, 1955 కింద పెళ్లిని రద్దు చేసేది కోర్టు డిక్రీ ఒక్కటే. నోటరీ ముద్ర వేస్తే సంతకం ఫలానావాళ్లదే అని తేలుతుంది, అంతకుమించి ఏమీ లేదు. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతికి ఆ చట్టంలోనే సెక్షన్ 29(2)లో చోటుంది, నిజమే. కానీ ఆ ఆచారం మీ కులంలో ఎప్పటినుంచో ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలని 2002లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. మీ కాగితంలో ఆ ఊసే ఉండి ఉండదు. ఉన్నా రుజువు చేయడం తేలిక కాదు.

కాబట్టి ఈ రోజుకీ మీ చెల్లెలు చట్టం దృష్టిలో మొదటి భర్తకు భార్యే. శ్రావణంలో పెళ్లి చేస్తే అది మొదటినుంచీ చెల్లని పెళ్లి. పైగా భర్త బతికుండగా రెండో పెళ్లి నేరం కూడా. పాత ఐపీసీ 494, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 82. ఏడేళ్ల దాకా శిక్ష ఉంటుంది.

మన హైదరాబాద్ కేసే ఒకటి చెబుతాను. 2005లో ఒకామె మొదటి భర్తతో ఒప్పంద పత్రం మీద విడిపోయి రెండో పెళ్లి చేసుకుంది. తర్వాత ఆ రెండో ఆయనే, మొదటి పెళ్లి రద్దు కాలేదు కాబట్టి ఈమె నా భార్యే కాదన్నాడు. ఫ్యామిలీ కోర్టు నెలకు 3,500 మనోవర్తి ఇస్తే హైకోర్టు కొట్టేసింది. చివరికి 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆమెకు ఇప్పించింది, అదీ ఆయన అన్నీ తెలిసే చేసుకున్నాడన్న కారణంతో. 3,500 కోసం ఢిల్లీ దాకా! ఆ తీర్పులో కూడా ఒప్పంద పత్రాన్ని విడాకులు అనలేదు. మీ కాబోయే బావగారు ముందే డిక్రీ అడగడం మీ అదృష్టం.

నరసరావుపేట అన్న:
అయ్యో మేడం. అయితే ఆ పేపరు చింపేయమంటారా? కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందని భయం.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:
చింపొద్దు బాబూ! అదే ఇప్పుడు మీకు పనికొచ్చే కాగితం. విడాకులుగా కాదు, ఎప్పటినుంచి విడిగా ఉంటున్నారో చెప్పే సాక్ష్యంగా.

నేను సర్వీసంతా ఈ ఫైళ్ల మధ్యే గడిపాను. ఏళ్లు పట్టేది కొట్లాడుకునేవాళ్లకి. ఇద్దరూ కలిసి అదే చట్టం సెక్షన్ 13బి కింద మ్యూచువల్, అంటే ఇద్దరి సమ్మతితో విడాకుల పిటిషన్, వేస్తే దారి వేరు. ఏడాది విడిగా ఉండి ఉండాలి, మీకు మూడేళ్లయింది. మొదటిసారి ఇద్దరి స్టేట్‌మెంట్లు తీసుకుంటారు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగి రెండోసారి రమ్మంటారు. ఈ ఆరు నెలలూ తప్పనిసరేమీ కాదని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటికే ఏడాదిన్నర విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు అయిపోయి, డబ్బూ పిల్లల సంగతీ తేలిపోతే గడువు మాఫీ చేయమని ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర అర్జీ) వేసుకోవచ్చు. మొదటి స్టేట్‌మెంట్ అయిన వారానికే వేయొచ్చు. ఇస్తారా లేదా అన్నది జడ్జిగారి ఇష్టం. అందుకే శ్రావణం మీద ఆశ పెట్టుకోకండి, ముహూర్తం వెనక్కి జరపండి. డిక్రీ రాకముందే కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టి కోర్టు వరండాలో ఏడ్చినవాళ్లను చూశాను.

కేసు మీ చెల్లి ఉంటున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు. ఫ్యామిలీ కోర్టు లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో హెచ్‌ఎంఓపీ (హిందూ వివాహ పిటిషన్) నంబరు పడుతుంది. శుభలేఖ, పెళ్లి ఫొటోలు, ఇద్దరి ఆధార్లు, పాప బర్త్ సర్టిఫికెట్, ఆ స్టాంపు పేపరు తీసి పెట్టుకోండి. శుభలేఖ లేదని సగంమంది తిరిగిపోతారు. మేనత్తల బీరువాల్లో వెతకండి, దొరుకుతుంది.

నాకూ అయింది:
అన్నయ్యా, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీ పోస్టులో మీరున్నారు, పెద్దమనుషులున్నారు, సంబంధం వాళ్లున్నారు. మీ చెల్లి ఏమంటోంది? నా విడాకులప్పుడు ఆరు లక్షలా ఎనిమిదా అని మా మావయ్యలు బేరమాడుతుంటే నేను వంటింట్లో టీలు పెడుతున్నాను. సంతకానికి మాత్రం పిలిచారు. డబ్బు వచ్చింది, కానీ నా సర్టిఫికెట్లు ఆ ఇంట్లోనే ఉండిపోయాయి. ఎవరికీ గుర్తు రాలేదు. నన్ను అడిగి ఉంటే మొదట అదే చెప్పేదాన్ని.

నరసరావుపేట అన్న:
నిజమే అక్కా, అడగలేదు. ఈ రాత్రికే మాట్లాడతాను. ఇంకో చిక్కు. పాత బావ బెంగళూరులో ఉంటున్నాడు. సంతకం పెడతాను గానీ కోర్టుకు సెలవు దొరకదు అంటున్నాడు. అతను అక్కడ ఇంకొకామెతో ఉంటున్నాడని విన్నాం. రాకపోతే ఆ సంబంధం మీద కేసు పెడతామని బెదిరించమంటున్నారు మావాళ్లు.

వరంగల్ అడ్వొకేట్ (మహిళ):
బెదిరించొద్దు. డిక్రీ వచ్చేదాకా ఇద్దరూ సమ్మతి మీద నిలబడాలి. మధ్యలో ఒకరు వెనక్కి తగ్గితే మ్యూచువల్ పోయినట్టేనని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అతనికి కోపం తెప్పించి మీరు బాగుపడేది లేదు. సెలవు దొరకకపోతే వీడియో కాన్ఫరెన్సుకు అనుమతి అడగొచ్చు. 2017 తీర్పులోనే ఆ వెసులుబాటు ఉంది.

అతను అసలు రానంటే ఒంటరిగా విడాకుల కేసు వేయాలి. అక్కడ చాలామంది బోల్తా పడతారు. రెండేళ్లుగా వదిలేశాడని వేద్దామంటే, ఎదుటివాళ్ల సమ్మతి లేకుండా వదిలేస్తేనే అది చట్టం ప్రకారం వదిలేయడం. మీరు ఇష్టపూర్వకంగా విడిపోయామని రాసి సంతకం పెట్టారు కదా! అప్పుడు క్రూరత్వం, మరొకరితో సంబంధం లాంటి కారణాలు చూపి రుజువు చేయాలి. అందుకే మంచి మాటలతో మ్యూచువల్‌కు ఒప్పించండి.

పాప ఖర్చు అడగమని రాసిన వాక్యం చెల్లదు. పాప హక్కును తల్లి వదులుకోలేదు. పిటిషన్‌లో పాప ఎవరి దగ్గర, తండ్రి ఎప్పుడు చూడొచ్చు, నెలకు ఎంత అన్నీ స్పష్టంగా రాయించండి. పెట్టిన బంగారం స్త్రీధనం, ఆ నాలుగు సవర్లు కూడా అందులో చేర్చండి. తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంటే పాప తండ్రికి పోతుందని భయపెడతారు. అలాంటి రూలేమీ లేదు, కోర్టు పాప మేలు చూస్తుంది.

చెల్లిని:
అన్నయ్య ఫోన్ నుంచి రాస్తున్నాను. అన్నీ చదివాను. ముహూర్తం వాయిదా వేయమని హైదరాబాద్ వాళ్లకు నేనే చెప్పాను. ఆయన సరే అన్నారు, డిక్రీ వచ్చాకే కూర్చుని మాట్లాడుకుందాం అన్నారు. బంగారం నాలుగు సవర్లు కాదు, ఐదున్నర. అన్నయ్యకు తెలియదు. అందులో మా అమ్మమ్మ నాను (మెడలో వేసుకునే నగ) ఉంది, అదొక్కటి నాకు కావాలి.

ప్లీడరు ఫీజుకు అన్నయ్య దగ్గర తీసుకోవడం ఇష్టం లేదు. వేరే దారి ఉందా? డిక్రీ వచ్చాక ఎన్నాళ్లు ఆగాలి?

వరంగల్ అడ్వొకేట్ (మహిళ):
ఉందమ్మా. 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు ఉచితంగా లాయర్‌ని ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసులో అర్జీ పెట్టు, లేదా 15100కు ఫోన్ చెయ్యి. నాను సంగతి బరువుతో సహా పిటిషన్‌లో రాయించు, "మిగతా నగలు" అని ఊరుకోవద్దు.

ఇద్దరి సమ్మతితో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు, అందుకని ఆగాల్సిన గడువూ లేదు. వేరే కోర్టులో అయితే నీ లాయర్‌ని ఒకసారి అడిగి తేదీ పెట్టుకో.

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:
తీర్పు చెప్పిన రోజే కాపీ అప్లికేషన్ వేసెయ్ తల్లీ. సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకో. రిజిస్ట్రేషన్‌కు ఒకటి, పాస్‌పోర్టు లాంటి వాటికి ఒకటి అక్కరకొస్తుంది.

చెల్లిని:
సోమవారం వెళ్తున్నాను. పాప బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్ ఇవ్వాలా అండీ?

రిటైర్డ్ బెంచ్ క్లర్క్:
జిరాక్స్ చాలు. ఒరిజినల్ చూపించడానికి పట్టుకెళ్లు, ఎవరికీ ఇచ్చి రాకు.