రక్తంలో బ్యాక్టీరియా: 7 రోజులు మందు చాలా, 14 రోజులు వాడాలా?

కొత్త సభ్యుడు:
నాన్నగారికి యూరిన్ ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకింది. బ్లడ్ కల్చర్‌లో (రక్తంలో సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే పరీక్ష) ఈ. కొలై అనే బ్యాక్టీరియా వచ్చింది. నాలుగో రోజుకి జ్వరం పోయింది, లేచి తిరుగుతున్నారు. డాక్టరుగారు ఏడు రోజులకి యాంటీబయాటిక్ ఆపేద్దామంటున్నారు. మా బాబాయేమో "రక్తంలోకి వెళ్లిందంటే పద్నాలుగు రోజులు వాడాల్సిందే, మధ్యలో ఆపితే తిరగబెడుతుంది" అని పట్టుబట్టాడు. ఇద్దరి మధ్య నాకు టెన్షన్.

ఐసీయూ డ్యూటీ:
పద్నాలుగు అన్నది అలవాటుగా వచ్చిన అంకె అండి. 2024లో, రక్తంలో బ్యాక్టీరియా ఉన్నవాళ్లకి 7 రోజులు, 14 రోజులు మందిచ్చి పోల్చిన బ్యాలెన్స్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఏడు దేశాల్లో 3,608 మంది ఆసుపత్రి రోగులు, వాళ్లలో సగానికి పైగా ఐసీయూలో ఉన్నవాళ్లే. 90 రోజుల్లోపు చనిపోయినవాళ్లు 7 రోజుల గుంపులో 14.5 శాతం, 14 రోజుల గుంపులో 16.1 శాతం. దీన్నిబట్టి ఏడు మెరుగని కాదు, పద్నాలుగుకి తీసిపోదని మాత్రం చెప్పొచ్చు. ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం కూడా రెండు గుంపుల్లో దాదాపు ఒకేలా ఉంది.

పాత ఫిజీషియన్:
ఆ ట్రయల్‌లోకి ఎవరిని తీసుకోలేదో కూడా చెప్పండి డాక్టర్‌గారూ. స్టాఫ్ ఆరియస్ అనే మొండి బ్యాక్టీరియా వచ్చినవాళ్లు లేరు. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్లు లేరు. గుండె కవాటాలకో ఎముకకో పట్టినవాళ్లు, లోపలి చీము తీయనివాళ్లు లేరు. పైగా 7 రోజుల గుంపులో కొందరికి డాక్టర్లే మందు పొడిగించారు. నా పేషెంట్ ఒకాయన ఏడు రోజులకి ఆపాక పది రోజుల్లో మళ్లీ జ్వరంతో వచ్చాడు. స్కాన్ తీస్తే కిడ్నీలో చీముగడ్డ. అప్పటి నుంచి నాకు ఏడంటే భయమే.

ఐసీయూ డ్యూటీ:
భయం అర్థమవుతుంది సార్. కానీ ఆ గడ్డ ఉండగా పద్నాలుగు రోజులు వాడినా జ్వరం ఇంకో వారం ఆలస్యంగా వచ్చేదేమో. అక్కడ తప్పిపోయింది స్కాన్. మందు పొడిగించినవాళ్లని పక్కనపెట్టి లెక్కేసినా ఫలితం మారలేదు.

ల్యాబ్ బెంచి:
మీరిద్దరూ రోజుల దగ్గరే కొట్టుకుంటున్నారు. ఏడు చాలనేది "అన్‌కాంప్లికేటెడ్", అంటే చిక్కుల్లేని ఇన్ఫెక్షన్ మాటే కదా, నాకైతే ఆ మాట దగ్గరే అసలు పేచీ. మూలం తెలిసిందా, అది అదుపులోకి వచ్చిందా, ఏ సూక్ష్మజీవి, మనిషి తేరుకున్నాడా? ఇవి తేలకుండా ఏడు అన్నా పద్నాలుగు అన్నా గుడ్డి లెక్కే. స్టాఫ్ ఆరియస్ అయితే కథే వేరు: కల్చర్ మళ్లీ మళ్లీ చేయాలి, గుండెకి ఎకో తీయాలి. అంతా సవ్యంగా ఉన్నా, మొదటి నెగటివ్ కల్చర్ నుంచి కనీసం 14 రోజులు. అదే చర్మం మీద మామూలుగా ఉండే వేరే రకం స్టాఫ్ ఒక్క కల్చర్ బాటిల్‌లోనే పెరిగితే, చాలాసార్లు అది సూది గుచ్చినప్పుడు అంటుకున్నదే. దానికి ఏడు రోజులూ అక్కర్లేదు.

ఇంకొకటి. మొదటి రోజు అంటే మందు మొదలుపెట్టిన రోజు కాదు, పనిచేసే మందు మొదలైన రోజు. ముందు ఇచ్చిన మందుకి సూక్ష్మజీవి లొంగదని రిపోర్ట్ వస్తే, మార్చిన రోజు నుంచి లెక్క.

బాబాయి పక్షం:
కోర్సు మధ్యలో ఆపితే బ్యాక్టీరియా మొండిదవుతుంది కదా? చిన్నప్పటి నుంచి వింటున్నదే.

ల్యాబ్ బెంచి:
ఈ జబ్బులో అది తిరగేసి చూడాల్సిన మాట. మందు ఎన్నాళ్లు ఎక్కువ వాడితే పేగుల్లోని బ్యాక్టీరియా అంత ఎక్కువగా దానికి అలవాటు పడుతుంది. అలాగని బాగుందనిపించగానే సొంతంగా ఆపేయమని కాదు. డాక్టరు ఏడు అంటే ఆ ఏడే కోర్సు.

పాత ఫిజీషియన్:
కొత్త సభ్యుడిగారూ, యూరిన్ ట్యూబ్ ఉందా? స్కాన్ అయిందా?

కొత్త సభ్యుడు:
ట్యూబ్ తీసేశారండి. స్కాన్‌లో అడ్డంకి గానీ చీము గానీ లేదన్నారు. మొదటి ఇంజక్షన్ పనిచేయదని రిపోర్ట్ వచ్చి మూడో రోజు మార్చారట, ఇవాళ అడిగితేనే తెలిసింది. అంటే తొమ్మిదో రోజుకి ఏడు పూర్తవుతాయి.

పాత ఫిజీషియన్:
అయితే నేనూ అప్పుడే ఆపుతాను. జ్వరం మళ్లీ వస్తే మాత్రం ఆగకుండా వెళ్లి కల్చర్ చేయించండి.

కొత్త సభ్యుడు:
సరేనండి. బాబాయికి చెప్తే, "తొమ్మిదైతే ఫర్వాలేదు" అన్నాడు.