ఫొటోలు ఉండగా అడవి తీగను కొయ్యడం ఎందుకు?

లత_నల్లకుంట: పోయిన నెల పశ్చిమ కనుమలకి వెళ్లాం. మాతో వచ్చిన పరిశోధక విద్యార్థి, అనుమతి ఉందంటూ, మాను పసుపు తీగ కొమ్మ కోసి, నమూనాగా ఎండబెట్టి దాచడానికి పేపర్ల మధ్య పెట్టాడు. మందుల కోసం నరికి నరికి అసలే అరుదైపోయిన తీగ. ఫొటో తీస్తే సరిపోదా?

శ్రీధర్_తార్నాక: సరిపోదు లత గారూ. వర్షారణ్యంలో చాలా తీగలకి నీడలో ఉన్న ఆకు ఒకలా, పైన ఎండ తగిలే ఆకు మరోలా ఉంటుంది. పూలేమో ఎక్కడో చెట్ల నెత్తిన. కింద నుంచి ఫొటో తీస్తే కాండమే వస్తుంది. మాను పసుపులో మగ తీగ వేరు, ఆడ తీగ వేరు, పువ్వు చూడందే తేలదు. ఎండబెట్టిన పువ్వును యాభై ఏళ్ల తర్వాతైనా తడిపి విప్పి చూడొచ్చు, ఆకు నుంచి డీఎన్ఏ తీయొచ్చు.

వేణు_ఉప్పల్: కాండం అడ్డంగా కోస్తారట కదా. తీగ చావదా?

శ్రీధర్_తార్నాక: ఎండిన కొమ్మను అతికించే షీటు పొడవే దాదాపు 42 సెంటీమీటర్లు. అందులో పట్టే కొమ్మ చాలు.

వేణు_ఉప్పల్: నేనడిగింది కాండం గురించి.

శ్రీధర్_తార్నాక: మొదలు నరికితే కొన్ని మళ్లీ చిగురిస్తాయి, కొన్ని చస్తాయి. అందుకే మొదలు ముట్టుకోం. ఎన్నిసార్లు చెప్పాలి?

లత_నల్లకుంట: మీరు ముట్టుకోరు, సరే. మా ఎమ్మెస్సీలో తలా యాభై షీట్లు పెట్టమన్నారు. మారేడుమిల్లిలో అడ్డాకు తీగ పూలతో తెచ్చి, రోజూ పేపర్లు మార్చి ఎండబెట్టాను. మార్కులు వేశాక ఒక గదిలో పడేశారు. రెండేళ్లకి వెళ్లి చూస్తే చెదలు.

శ్రీధర్_తార్నాక: మీ కాలేజీ తప్పుకి నమూనాలనే వద్దంటే ఎలా?

గోపి_మలక్‌పేట: మొక్కల మీద పనిచేసే ప్రభుత్వ సంస్థ బొటానికల్ సర్వే, దాని దక్కన్ కేంద్రం మన హైదరాబాద్‌లోనే ఉంది. నమూనాలు దాస్తారేమో అక్కడ అడగొచ్చుగా.

లత_నల్లకుంట: ఇప్పుడు కొయ్యొద్దనడం లేదండీ. ఎక్కడ దాస్తారో తేలకుండా కత్తెర తియ్యొద్దంటున్నా. చెట్టెక్కి ఆ అడ్డాకు పూలు దించిన కోయ తాత పేరు షీటు మీది వివరాల చీటీలో రాయనివ్వలేదు. సేకరించింది నేనేనని రాయించారు. ఆ ఆకుతో విస్తళ్లు కుడతామని, నారతో తాళ్లు పేనుతామని చెప్పింది ఆయనే. అదీ రాయలేదు. ఇప్పుడీ మాను పసుపు కొమ్మ సంగతి ఆ అబ్బాయిని అడిగా. హాస్టల్లో మంచం కింద ఉందట.

శ్రీధర్_తార్నాక: కొయ్యడం తప్పంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మంచం కింద ఉండకూడదు. రేపే తెమ్మనండి, పురుగు చావాలంటే ముందు ఫ్రీజర్‌లో పెట్టాలి. చెట్టెక్కిందెవరో కూడా చీటీలో రాసి తెమ్మనండి.