పాత పల్సర్ 150కి ముందు ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టి ఉంచే రెండు షాక్ అబ్జార్బర్ గొట్టాలు) మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?

వైరా రోడ్డు
నాది 2014 పల్సర్ 150. 58 వేల కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఖమ్మం నుంచి వైరా వెళ్లి వస్తాను. ముందు బ్రేక్ గట్టిగా పట్టుకుంటే బండి ముక్కు మీదికి దిగిపోతోంది. గుంతలో పడితే టక్కుమని ఇనుప శబ్దం. ఒక షెడ్డులో సెకండ్ హ్యాండ్ డ్యూక్ 200 యూఎస్‌డీ (తలకిందులుగా ఉండే) ఫోర్క్ ఉంది, బిగించి ఇస్తే 22 వేలు అంటున్నారు. ఇంకో మెకానిక్ ఏమో చిక్కటి ఆయిల్ పోస్తే చాలంటున్నాడు. ఏం చేయమంటారు?

పాత బండి
అన్నా, ఆ డబ్బు ఇప్పుడే ఇచ్చేయకు. ముందు ఒక్క మాట చెప్పు, ఇన్నేళ్లలో ఫోర్క్ ఆయిల్ ఎప్పుడైనా మార్పించావా? ఇంజిన్ ఆయిల్ గురించి అందరూ అడుగుతారు, దీని ఊసు ఎవరూ ఎత్తరు. నా బండికి 40 వేల దగ్గర మొదటిసారి విప్పించాను. కుడి ఫోర్కులోంచి బురద నీళ్లలాంటి నల్లటి ఆయిల్ వచ్చింది. ఎడమ దాంట్లోంచి అందులో సగం కూడా రాలేదు, ఆయిల్ బయటికి కారకుండా ఆపే సీల్ ఎప్పుడో పోయింది. అంటే అన్నాళ్లూ ఒక కాలు మీదే కుంటుతూ నడిచింది. సీల్స్, ఆయిల్, లేబర్ కలిపి రెండు వేలు దాటలేదు.

చిక్కటి ఆయిల్ సంగతి కూడా జాగ్రత్త. బండి బరువు మోసేది స్ప్రింగ్, ఆయిల్ కాదు. ఆయిల్ పని ఆ కదలికను నిదానం చేయడమే. 10డబ్ల్యూ బదులు ఇంకా చిక్కటి 20డబ్ల్యూ పోస్తే బ్రేక్ వేసినప్పుడు మెల్లగా దిగుతుంది, నిజమే. కానీ పదునైన గుంత అంచు తగిలినప్పుడు ఆయిల్ ఫోర్క్ లోపలి చిన్న రంధ్రాల్లోంచి అంత వేగంగా పోలేదు. ఆ దెబ్బంతా మణికట్టుకు వస్తుంది.

స్ప్రింగ్ అలిసిందో లేదో ఇంట్లోనే చూడొచ్చు. ఫోర్క్ పైపుకు ఒక కేబుల్ టై కట్టి, డస్ట్ సీల్ (దుమ్ము పోకుండా పైపు చుట్టూ ఉండే రబ్బరు) దాకా జరుపు. బండి నిటారుగా పట్టుకోమని ఇంకొకరికి చెప్పి, నెమ్మదిగా ఎక్కి కూర్చుని, అంతే నెమ్మదిగా దిగు. చక్రం గాల్లోకి లేపాక సీల్‌కీ టైకీ మధ్య ఎంతుందో కొలువు. ఫోర్క్ మొత్తం కదలగలిగే దూరంలో మూడో వంతు కన్నా ఎక్కువుంటే స్ప్రింగ్ మార్చాలి, లేదా దాన్ని ఇంకాస్త నొక్కి ఉంచేలా పైన స్పేసర్ ముక్క వేయాలి.

డిస్క్ బ్రేక్ అభిమాని
రెండు వేలతో అయిపోతుందంటే నేను ఒప్పుకోను. ఆ బండికి ఉన్నవి 31 ఎంఎం పైపులు. గట్టిగా బ్రేక్ వేస్తే అవి వెనక్కి వంగడం చేతికి తెలుస్తుంది. ఆయిల్ మారిస్తే అది పోతుందా? 2018లో ట్విన్ డిస్క్ పల్సర్ 150కి కంపెనీయే 37 ఎంఎం ఫోర్క్ ఇచ్చింది. అవసరం లేకుండానే ఇచ్చిందా?

పాత బండి
పైపు వంగడం గురించి మీరన్నది నిజం, నా దగ్గర దానికి జవాబు లేదు. మార్చి తీరాలంటే నేనూ ఆ 37 ఎంఎం వైపే చూస్తాను. డ్యూక్‌ది 43 ఎంఎం. దానికి టీ (ఫోర్క్ పైపుల్ని బండికి బిగించే భాగం) మారాలి, చక్రం మారాలి, యాక్సిల్, డిస్క్, స్పీడోమీటర్ సెన్సర్ అన్నీ మారాలి. పొడవులో తేడా వస్తే ముందు ఫోర్క్ వాలు మారిపోయి హ్యాండిల్ స్వభావమే వేరైపోతుంది. నాకు అన్నిటికన్నా భయం షెడ్డులో లేత్ మెషిన్ మీద కోసి సరిపెట్టిన టీ స్టెమ్ (టీ మధ్యలోని ఇరుసు) అంటేనే. 80 స్పీడులో అది పట్టు వదిలితే పక్కకు ఒరగడానికి కూడా టైం ఉండదు.

చట్టం కూడా చూడాలి. కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండి మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. యాక్సిడెంట్ అయ్యాక ఇన్సూరెన్స్ వాళ్లు దాన్నే పట్టుకుంటే ఇంట్లోవాళ్లు ఏం కావాలి?

వైరా అన్నా, విప్పేముందు కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) కూడా చూడు. ముందు చక్రం పైకి లేపి హ్యాండిల్ ఒక వేలితో తిప్పు, మధ్యలో పట్టేస్తే అది అరిగినట్టే.

వైరా రోడ్డు
ఇప్పుడే సెంటర్ స్టాండ్ వేసి చూశాను. హ్యాండిల్ సరిగ్గా మధ్యకు రాగానే గాడిలో పడ్డట్టు ఆగుతోంది. ఎడమ డస్ట్ సీల్ కింద వేలు పెడితే జిడ్డు. టైతో కొలిస్తే 46 ఎంఎం వచ్చింది, మూడో వంతు దాటింది, నా బరువు 82 కిలోలు. డ్యూక్ ఫోర్క్ వద్దని షెడ్డుకు ఫోన్ చేసి చెప్పేశాను. ఆదివారం కోన్‌సెట్, సీల్స్, ఆయిల్, స్ప్రింగులు అన్నీ ఒకేసారి వేయిస్తున్నాను. బయటికొచ్చిన ఆయిల్ ఎంతో రెండు వైపులా విడివిడిగా కొలిచి ఇక్కడ రాస్తాను.