సున్నా సీట్ల పార్టీకి కేంద్ర కేబినెట్‌లో చోటా? 1989 వీపీ సింగ్ ప్రభుత్వం మీద మీరేమంటారు

పాతపేపర్ల పిచ్చోడు:
నిన్న మా బాబాయ్‌తో పెద్ద వాదన అయింది, ఇక్కడ కూడా అడుగుదామని. 1989 డిసెంబర్‌లో వీపీ సింగ్ కేబినెట్ చూడండి. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లలో కాంగ్రెస్‌కి 39 వస్తే టీడీపీకి వచ్చినవి 2, అయినా ఉపేంద్ర గారికి సమాచార ప్రసార శాఖ, పైగా పార్లమెంటరీ వ్యవహారాలు. డీఎంకేకి లోక్‌సభలో సున్నా, మురసోలి మారన్‌కి పట్టణాభివృద్ధి. అస్సాం పార్టీ ఏజీపీకీ (అసోం గణ పరిషత్) సున్నానే, దినేష్ గోస్వామికి న్యాయశాఖ. జనం వద్దన్నోళ్లని రాజ్యసభ దారిలో తెచ్చి కూర్చోబెట్టడం కాదా ఇది?

బ్రహ్మపుత్ర:
ఏజీపీని ఆ లిస్టులోంచి తీసెయ్ బ్రో. అస్సాంలో అప్పుడు లోక్‌సభ ఎలక్షనే జరగలేదు, జనం వద్దన్నది ఎక్కడ? పైగా అక్కడ ప్రభుత్వం వాళ్లదే.

పాతపేపర్ల పిచ్చోడు:
ఓకే ఇది నాకు తట్టలేదు, ఒప్పుకున్నా. మరి డీఎంకే?

గుంటూరు మిర్చి:
డీఎంకే అదే ఏడాది జనవరిలో తమిళనాడులో గెలిచి రాష్ట్రాన్ని ఏలుతోంది కదండీ. నేషనల్ ఫ్రంట్ (జనతాదళ్, టీడీపీ, డీఎంకే, ఏజీపీ లాంటి పార్టీల కూటమి) కట్టిందే రాష్ట్రాల మాట ఢిల్లీలో వినపడాలని, తీరా ప్రభుత్వం వచ్చాక సీట్లు లెక్కేసి మీరు బయటుండండి అంటే దాన్ని ఫ్రంట్ ఎందుకంటారు, జనతాదళ్ అంటే సరిపోదా. 1990 మేలో కేంద్రం, రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకునే అంతర్రాష్ట్ర మండలి వేశారు, అంతకుముందు ఎన్నేళ్లు రాజ్యాంగంలో కాగితం మీదే పడుందో చూడండి. గోస్వామి గారి ఎన్నికల సంస్కరణల కమిటీ రిపోర్టు గురించి ఈరోజుకీ మాట్లాడుకుంటున్నాం. ఉపేంద్ర గారు ఆకాశవాణి, దూరదర్శన్‌లకి స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం తెచ్చారు (అమల్లోకి వచ్చేసరికి 1997, అప్పుడు ఆ శాఖలో జైపాల్ రెడ్డి గారు, మళ్లీ మనోడే). సున్నా, రెండు సీట్ల వాళ్లు చేసిన పని ఇది.

పల్నాడు పులి:
అన్నా అదంతా సరే, టీడీపీ సంగతి దాటేశావ్. కేంద్రంలో 2, రాష్ట్రంలో కూడా ఓడిపోయింది, కల్వకుర్తిలో ఎన్టీఆరే ఓడారు. మరి ఏ రాష్ట్రం గొంతు అది? ఆయన ఫ్రంట్ ఛైర్మన్ కాబట్టి ఇచ్చారు, అంతే, మొహమాటం.

గుంటూరు మిర్చి:
మొహమాటమే అనుకో తమ్ముడూ, అంతకుముందు ఐదేళ్లు లోక్‌సభలో 30 మందితో ప్రతిపక్షాన్ని మోసిందెవరు? ఆ బాకీ తీర్చారు, తప్పేముంది.

రిటైర్డ్ మేస్టారు:
మీరంతా చిన్న చేపల వెంట పడ్డారు బాబూ. ఆ ప్రభుత్వాన్ని ఈ ముగ్గురూ కూల్చలేదు. 143 మంది ఉన్న జనతాదళ్‌లోనే ఒకరంటే ఒకరికి పడదు, చంద్రశేఖర్ మొదటి రోజు నుంచీ అలిగి కేబినెట్ బయటే, ఉప ప్రధాని దేవీలాల్‌ని ఆగస్టు 1న తీసేశారు, వారం తిరక్కుండా మండల్ ప్రకటన (బీసీలకి కేంద్ర ఉద్యోగాల్లో రిజర్వేషన్). 85 మంది ఉన్న బీజేపీ, 50 పైచిలుకు ఉన్న లెఫ్టు బయటి నుంచి మద్దతు, ఒక్క మంత్రి లేడు, అంటే బాధ్యతా లేదు. రథయాత్రలో ఉన్న అద్వానీని సమస్తిపూర్‌లో అరెస్టు చేయగానే బీజేపీ చెయ్యి తీసేసింది, నవంబర్ 7న విశ్వాస పరీక్షలో ప్రభుత్వానికి 142 ఓట్లు, వ్యతిరేకంగా 346. అడగాల్సింది సున్నా ఉన్నోళ్లకి ఎందుకిచ్చారని కాదు, 85 ఉన్నోళ్లు ఎందుకు లోపలికి రాలేదని.

పల్నాడు పులి:
మేస్టారూ, బీజేపీ లోపలికొస్తే లెఫ్టు బయటినుంచైనా ఉండేదా? మొదటి వారంలోనే పోయేది.

రిటైర్డ్ మేస్టారు:
అదీ నిజమే. పదకొండు నెలలన్నా నడిచింది అందుకేనేమో.