లైపోసోమల్ డాక్సోరుబిసిన్ వల్ల అరచేతులు, అరికాళ్లు మండుతున్నాయి: మోతాదు తగ్గించాలా, డోసుల మధ్య వ్యవధి పెంచాలా?

మా అమ్మగారికి 61 ఏళ్లు. అండాశయ క్యాన్సర్ తిరగబెట్టడంతో, గుండె కొంత బలహీనంగా ఉన్నందున కీమోథెరపీ మందైన సాధారణ డాక్సోరుబిసిన్‌కు బదులుగా, అదే మందును సుమారు 100 నానోమీటర్ల కొవ్వు బుడగలలో నింపిన లైపోసోమల్ రూపాన్ని శరీర ఉపరితల వైశాల్యంలో చదరపు మీటరుకు 40 మి.గ్రా. చొప్పున 4 వారాలకొకసారి ఇస్తున్నారు. ఆ బుడగలపై ఉన్న పెగ్ (పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్) పూత వల్ల మందు రక్తంలో ఎక్కువ కాలం నిలుస్తుందని, గుండెపై భారం తగ్గుతుందని డాక్టరుగారు వివరించారు. గుండె విషయంలో ఆ మేలు నిజంగానే కనిపిస్తోంది. ఎకో పరీక్షలో మార్పేమీ లేదు.

మొదటి డోసు మొదలైన కొద్ది నిమిషాలకే ముఖం ఎర్రబడి ఛాతీ పట్టేసింది. మందు ఆపి, తరువాత నెమ్మదిగా ఎక్కించడంతో ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. అసలు సమస్య మూడో డోసు తరువాత వచ్చింది. రెండు వారాలకు అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, వాచి, చర్మం ఊడుతోంది; గ్లాసు పట్టుకోవడమూ కష్టంగా ఉంది. 10 శాతం యూరియా క్రీము, మందు ఎక్కించేటప్పుడు ఐస్ ప్యాకులు, వదులైన చెప్పులు, వేడినీటికి దూరంగా ఉండడం, ఇవన్నీ పాటించినా ఉపశమనం కలగలేదు.

తదుపరి డోసును వాయిదా వేసి, ఆపై మోతాదును 25 శాతం తగ్గించడమా, లేక మోతాదు మార్చకుండా డోసుల మధ్య వ్యవధిని పెంచడమా అని డాక్టరుగారు ఆలోచిస్తున్నారు. నిర్ణయం ఆయనదే, అయితే ఆయనతో మాట్లాడే ముందు అనుభవజ్ఞుల మాట వినాలని ఉంది.

ఈ మందు తీసుకున్నవారిలో, లేదా ఇచ్చిన వైద్యులు, నర్సుల అనుభవంలో, ఈ రెండింటిలో ఏది చేతులు, కాళ్ల బాధను ఎక్కువగా తగ్గించింది?